నడుముకు పిస్టల్, చంకలో పిల్ల

మా ఇంట్లో చేగోడీల డబ్బా వంటగదిలో అన్నిటికంటే పై అరలో ఉంటుంది. మా చిన్నది అక్కడికి ఎక్కలేదని నాకు గట్టి నమ్మకం. దానికి అప్పుడు మూడేళ్ళు. ఒక ఆదివారం నేను హాల్లో ఉండగా వంటగదిలోంచి సొరుగులు లాగుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే అన్నిటికంటే కింది సొరుగు పూర్తిగా, దాని పైది సగం, ఆ పైది ఇంకొంచెం తక్కువ లాగి మెట్లు కట్టుకుంది. గట్టు మీద నిలబడి ఒక చేత్తో అలమర తలుపు పట్టుకుని, రెండో చేత్తో డబ్బా మూత తిప్పుతోంది. నన్ను చూసి నవ్వింది.

అంతకు వారం ముందు నేను పిస్టల్‌ను పడకగది అలమరలో పై అర మీద, దుప్పట్ల వెనక పెట్టి, "అక్కడ ఎవరికి అందుతుందిలే" అనుకుని స్నానానికి వెళ్ళాను. పది నిమిషాలు. ఏమీ జరగలేదు. కానీ చేగోడీల రోజున ఆ పది నిమిషాలు గుర్తొచ్చి వెన్ను చల్లబడింది.

టెక్సస్‌లో ఉంటూ, ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, బయటికి వెళ్ళేటప్పుడు బట్టల కింద పిస్టల్ పెట్టుకోవాలనుకునే తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. తుపాకీ కొనమని చెప్పడం నా ఉద్దేశం కాదు. తుపాకీ లేని ఇల్లే పిల్లలకు అన్నిటికంటే క్షేమమని పిల్లల డాక్టర్ల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. ఆ మాటను కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. 2020లో అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ళ వయసు వారి మరణాలకు కారణాల్లో తుపాకీ వాహన ప్రమాదాలను దాటి మొదటి స్థానానికి వచ్చింది. అయినా అర్ధరాత్రి దాకా పెట్రోలు బంకు నడిపేవాళ్ళు, రోజు వసూళ్ళు చేతిలో పట్టుకుని దుకాణం మూసేవాళ్ళు, ఇంట్లో బంగారం కోసం దొంగలు వచ్చి వెళ్ళినవాళ్ళు అడుగుతూనే ఉంటారు. పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాక సగం సగం చేయకూడదు.

ముందు ఒక్క నియమం. చిన్నపిల్లలున్న ఇంట్లో పిస్టల్‌కు రెండే చోట్లు ఉన్నాయి: మీ ఒంటిమీద హోల్‌స్టర్‌లో, అంటే బెల్టుకు తగిలించుకునే పిస్టల్ ఒరలో, లేదా తాళం వేసిన పెట్టెలో. దిండు కింద, ఫ్రిజ్ మీద, కారు గ్లవ్ బాక్సులో, హ్యాండ్‌బ్యాగులో, "ఒక్క నిమిషం" టేబుల్ మీద, ఇవేవీ చోట్లు కావు. ఇక ముందు రాసేదంతా ఈ నియమాన్ని రోజువారీ బతుకులో ఎలా నిలబెట్టుకోవాలన్నదే.

ముందు మీ వీసా చూసుకోండి

పిల్లల సంగతికి రాకముందే చాలామంది తెలుగువాళ్ళకు ఈ విషయం ఇక్కడే ముగిసిపోతుంది. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద అమెరికాకు వచ్చినవారు, అంటే హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, సందర్శకుల బి-2, తుపాకీని గానీ తూటాలను గానీ తమ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళ జైలు. దేశం నుంచి పంపేయడానికి కూడా అది కారణం అవుతుంది. "టెక్సస్‌లో లైసెన్సే అక్కరలేదట కదా" అనే మాట ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే రాష్ట్రం ఇచ్చిన వెసులుబాటు ఫెడరల్ నిషేధాన్ని తీసేయదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ నిషేధం వర్తించదు.

చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వేట లైసెన్సు వాటిలో ఒకటి, వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగేది కూడా అదే. దాన్ని నమ్ముకుని అడుగు వేసేముందు వలస చట్టం, తుపాకీ చట్టం రెండూ తెలిసిన న్యాయవాదికి ఒక గంట ఫీజు కట్టండి. వారాంతంలో షూటింగ్ రేంజికి వెళ్ళి అద్దె పిస్టల్ పట్టుకుని ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే విద్యార్థులు కూడా ఇదొకసారి చదువుకోవాలి. చేతిలో పట్టుకోవడం కూడా "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. భర్తకు గ్రీన్ కార్డు వచ్చి, భార్య ఇంకా వీసా మీదే ఉన్న ఇళ్ళు, లేదా దానికి తారుమారుగా ఉన్నవి, మనవాళ్ళలో చాలానే. అలాంటి ఇంట్లో పెట్టె తాళం, అంకెలు అర్హత ఉన్నవారి దగ్గర మాత్రమే ఉండాలి. తీసుకోగల వీలుంటే చాలు, అది వారి దగ్గర ఉన్నట్టేనని వాదించే అవకాశం చట్టం ఇస్తుంది.

అక్కరలేకపోయినా లైసెన్సు తీసుకోండి

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవారు లైసెన్సు లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగవచ్చు. అయినా పిల్లలున్నవాళ్ళు లైసెన్సు తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. కారణం బడి.

బడి ఆవరణ నుంచి 1000 అడుగుల లోపల తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి దాని నుంచి మినహాయింపు. ప్రైవేటు స్థలానికి, తూటాలు తీసి తాళం వేసిన పెట్టెలో ఉన్న తుపాకీకి కూడా మినహాయింపు ఉంది. లైసెన్సు లేకుండా నడుముకు పిస్టల్ పెట్టుకుని పిల్లవాణ్ణి బడి దగ్గర దింపడానికి కారు వరుసలో నిలబడ్డ తండ్రి టెక్సస్ చట్టం ప్రకారం తప్పు చేయకపోవచ్చు. ఫెడరల్ చట్టం ప్రకారం మాత్రం చేస్తున్నాడు. ఊళ్ళో ఏ మలుపు తిరిగినా ఒక బడి ఉంటుంది కాబట్టి, ఇది రోజుకు పదిసార్లు జరిగే తప్పు.

లైసెన్సు ఇచ్చేది టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ. ఫీజు 40 డాలర్లు. నాలుగు నుంచి ఆరు గంటల తరగతి, వేలిముద్రలు, తర్వాత రేంజిలో పరీక్ష. 3, 7, 15 గజాల దూరాల నుంచి మొత్తం 50 తూటాలు కాల్చాలి, 250 మార్కులకు 175 రావాలి. నిజం చెప్పాలంటే ఇది సులువైన పరీక్ష. దీనిలో నెగ్గడం చేతకాకపోతే పిల్లల పక్కన పిస్టల్ పెట్టుకుని తిరిగే అర్హత మీకు ఇంకా రాలేదని అర్థం. నెగ్గినా వచ్చిందని కాదు. తరగతిలో సగం సేపు చట్టమే చెబుతారు, ఆ భాగంలో ఫోను చూడకండి.

లైసెన్సు ఉన్నా బడి భవనంలోకి తీసుకెళ్ళకూడదు. బడివాళ్ళు నిర్వహించే ఆటల పోటీ మైదానంలో జరుగుతుంటే ఆ మైదానంలోకి కూడా. టీచరుతో సమావేశం ఉన్న రోజు, సంవత్సరాంతపు వేడుక ఉన్న రోజు పిస్టల్ ఇంట్లో పెట్టెలోనే ఉండనివ్వండి. బడి పార్కింగులో, పిల్లలు అటూ ఇటూ పరుగెత్తుతుంటే, సీట్లో వంగి నడుము దగ్గర పిస్టల్ తీసి పెట్టెలో పెట్టే పని ఎవరికీ మంచిది కాదు.

హోల్‌స్టర్: పిస్టల్ కంటే ముందు దీని గురించి ఆలోచించండి

పిస్టల్‌కు ఆరు వందలు పెట్టి, హోల్‌స్టర్ దగ్గర పదిహేను డాలర్ల గుడ్డ సంచీతో సరిపెట్టుకునేవారిని చూశాను. చిన్నపిల్లలున్నవాళ్ళకు ఇక్కడ పొదుపు కుదరదు. హోల్‌స్టర్ గట్టి పదార్థంతో, కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో గానీ మందపాటి తోలుతో గానీ చేసినది, సరిగ్గా మీ మోడల్‌కే సరిపోయేది అయి ఉండాలి. ట్రిగ్గర్ ఉన్న భాగం మొత్తం కప్పేయాలి. పైనుంచి వేలితో ఎంత గట్టిగా నొక్కినా ట్రిగ్గర్ కదలకూడదు. ఇంటికి తెచ్చాక ఒక పరీక్ష చేయండి. పిస్టల్‌లోంచి మ్యాగజైన్ (తూటాల డబ్బీ) తీసి, ఛాంబర్ (పేలబోయే తూటా ఉండే గూడు) ఖాళీ చేసి, రెండుసార్లు కళ్ళతో చూసి, వేలితో తడిమి, హోల్‌స్టర్‌లో పెట్టి, మంచం మీద తలకిందులుగా పట్టుకుని గట్టిగా ఊపండి. జారితే తిరిగి ఇచ్చేయండి. మీ మూడేళ్ళ పిల్ల మీ నడుము పట్టుకుని వేలాడేది ఇంతకంటే గట్టిగానే.

హోల్‌స్టర్‌కు తగ్గ బెల్టు కావాలి. మామూలు ఆఫీసు బెల్టు సాయంత్రానికి సాగిపోతుంది, పిస్టల్ బయటికి వాలుతుంది, మీరు రోజుకు వందసార్లు దాన్ని సర్దుకుంటారు. పిల్లలు ముందు గమనించేది ఆ సర్దుకోవడాన్నే.

హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం గురించి ఆడవాళ్ళు ఎక్కువగా అడుగుతారు. చీరకు, లెహంగాకు బెల్టు ఉండదు కాబట్టి ఆ ప్రశ్న సహజమే. నా జవాబు ఒకటే: వద్దు. 2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రంలో ఒక తల్లి పిల్లలతో కలిసి దుకాణానికి వెళ్ళింది. ఆమెకు లైసెన్సు ఉంది, శిక్షణ ఉంది. పిస్టల్ కోసమే ప్రత్యేకంగా అర కుట్టిన హ్యాండ్‌బ్యాగు అది, జిప్పు కూడా వేసి ఉంది. షాపింగ్ బండిలో కూర్చున్న రెండేళ్ళ కొడుకు జిప్పు తీసి చెయ్యి పెట్టాడు. ఆమె అక్కడికక్కడే చనిపోయింది. బ్యాగు ఒంటిమీద ఉండే వస్తువు కాదు, ఎక్కడికి వెళ్ళినా కింద పెట్టేది. పైగా పిల్లలకు అమ్మ బ్యాగంటే బిస్కెట్లు, తుడుచుకునే కాగితాలు, ఫోను దొరికే చోటు. చీర కట్టుకున్న రోజు పిస్టల్‌కు సెలవు.

పెట్టె

ఇంట్లో రెండు పెట్టెలు ఉంటే బాగుంటుంది. ఒకటి రోజూ వాడే చిన్నది, మీ పడకగదిలో గోడకో మంచానికో బోల్టులతో బిగించినది. బిగించకపోతే అది దొంగకు మీరు సర్ది ఇచ్చిన పార్సిల్. రెండోది మిగతా తూటాల కోసం, వేరే తాళంతో. కొత్త పిస్టల్ డీలరు దగ్గర కొన్నప్పుడు తాళమో భద్రపరిచే సాధనమో తప్పనిసరిగా ఇస్తారు. పిస్టల్‌లోంచి దూర్చి వేసే తీగ తాళాలను ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కార్యక్రమం కింద చాలా చోట్ల ఉచితంగా పంచుతారు. అవి లేనిదానికంటే నయం, కానీ వాటిని పెట్టెతో సమానమని అనుకోకండి.

వేలిముద్రతో తెరుచుకునే పెట్టెలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కొన్నాక మొదటి పని ఏమిటో చెబుతాను: మీ వేలిముద్ర ఎక్కించిన తర్వాత ఇంట్లో ఇంకెవరిదైనా పెద్దవారి వేలు పెట్టించి చూడండి. నవ్వకండి. 2023 అక్టోబరులో ఒక కంపెనీ దాదాపు 61,000 పెట్టెలను వెనక్కి పిలిపించింది. యజమాని వేలిముద్ర ఎక్కించానని అనుకున్నా పెట్టె ఇంకా మొదటి స్థితిలోనే ఉండి ఎవరి వేలికైనా తెరుచుకునేది. పన్నెండేళ్ళ పిల్లవాడి మరణానికి సంబంధించి దావా కూడా పడింది. నేనైతే అంకెలు నొక్కే పెట్టెకే ఓటు వేస్తాను. చేతికి పిండి అంటుకున్నా, చెమట పట్టినా పని చేస్తుంది. బ్యాటరీని ఏటా సంక్రాంతికి మార్చండి. అది గుర్తుండే తేదీ. విడిగా ఇచ్చే అసలు తాళంచెవి మాత్రం పూజగదిలో, కీ హుక్కు మీద, టీవీ కింద సొరుగులో ఉండకూడదు. పిల్లలు ఇంట్లో ప్రతి తాళంచెవినీ ప్రతి తాళంలోనూ పెట్టి చూస్తారు.

ఇంటికి రాగానే చేయాల్సిన పని: హోల్‌స్టర్‌లోంచి పిస్టల్‌ను బయటికి తీయకుండా, హోల్‌స్టర్‌తో సహా బెల్టు నుంచి విప్పి అలాగే పెట్టెలో పెట్టేయడం. రోజూ తూటాలు తీయడం, ఎక్కించడం, మళ్ళీ తీయడం జాగ్రత్తలా కనిపిస్తుంది కానీ, పొరపాటున పేలే సందర్భాలు ఎక్కువగా ఆ తీసి పెట్టే చేతుల్లోనే ఉంటాయి. ట్రిగ్గర్ కప్పుకుని ఉన్నంతసేపు ఎవరూ దాన్ని నొక్కలేరు. పిల్లల డాక్టర్ల అకాడమీ చెప్పే మాట ఇంకా కఠినం: తూటాలు తీసేసి, తాళం వేసి, తూటాలు వేరే చోట తాళంలో. ఆ రోజుకు ఇక బయటికి వెళ్ళనివారు ఆ పద్ధతే పాటించాలి. అప్పుడు కూడా తూటాలు తీసే పని తలుపు గడియ వేసిన గదిలో, పిల్లలు పడుకున్నాక, రోజూ ఒకే చోట, ఒకే గోడవైపు తిరిగి చేయండి. ఆ గోడ అవతల పిల్లల గది ఉండకూడదు. ఇక్కడి ఇళ్ళ గోడలు జిప్సమ్ పలకలు, పిస్టల్ తూటాకు అవి అట్టపెట్టెలతో సమానం.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకు పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే నేరం. ఆ పిల్లలు దాన్ని పేల్చి ఎవరైనా చనిపోతే, లేదా తీవ్రంగా గాయపడితే, శిక్ష పెరుగుతుంది. తాళం వేసిన పెట్టెలో ఉంచడం, ట్రిగ్గర్ తాళం వేయడం తగిన జాగ్రత్తలుగా చట్టమే చెబుతుంది.

రోజు గడిచే తీరు

పిస్టల్ కుడి నడుముకు ఉంటే పిల్లను ఎడమ చంకన ఎత్తుకోవడం అలవాటు చేసుకోండి. మొదట్లో చెయ్యి లాగుతుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. పసిపిల్లను ఛాతీకి కట్టుకునే సంచీ వాడుతున్న నెలల్లో పొట్ట ముందు పిస్టల్ పెట్టుకోకండి. పిల్ల కాళ్ళు సరిగ్గా దాని మీదే ఆడుతుంటాయి. అవసరం వచ్చినా మీ చెయ్యి అక్కడికి చేరదు.

ఇంట్లో అద్దం ముందు, ఖాళీ పిస్టల్‌తో, రోజూ చేసే పనులన్నీ చేసి చూడండి: కారు సీటు బెల్టు పెట్టడానికి లోపలికి వంగడం, బూటు లేసు కట్టడానికి మోకాలి మీద కూర్చోవడం, భుజాల మీద ఎక్కించుకోవడం. చొక్కా ఎక్కడ పైకి లేస్తుందో అప్పుడే తెలుస్తుంది. నాకు కారు సీటు దగ్గర లేచింది. ఒక సైజు పెద్ద చొక్కాలు కొనుక్కున్నాను, మా ఆవిడ ఇప్పటికీ వాటిని గోనెసంచులు అంటుంది.

బయట మరుగుదొడ్డి అసలు పరీక్ష. పిస్టల్‌ను తీసి టిష్యూ పెట్టె మీదో, తలుపు కొక్కేనికో పెట్టి, మరిచిపోయి బయటికి వచ్చేసినవారి వార్తలు ఏటా వస్తాయి. పక్క గదిలో ఒక పిల్లవాడు ఉంటాడని గుర్తుంచుకోండి. పిస్టల్ హోల్‌స్టర్‌లోనే, హోల్‌స్టర్ బెల్టుకే ఉండాలి. ప్యాంటు మోకాళ్ళ పైనే ఆపి, బెల్టు మళ్ళీ పెట్టుకుని బిగిస్తే అది కింద వాలదు. మీ పిల్లవాణ్ణి వెంట తీసుకువెళ్ళారా, వాణ్ణి తలుపువైపు తిరిగి అంకెలు లెక్కపెట్టమనండి.

కారులో ఉండగా పిస్టల్ మీ ఒంటిమీదే ఉండాలి. తప్పనిసరిగా వదిలి వెళ్ళాల్సి వస్తే సీటు కింద ఇనుప పట్టీకి ఉక్కు తీగతో కట్టిన చిన్న తాళం పెట్టె వాడండి. టెక్సస్ ఎండలో కారు లోపల బ్యాటరీలు మొరాయిస్తాయి కాబట్టి అక్కడ తిప్పే అంకెల తాళం మేలు. రాత్రంతా మాత్రం కారులో ఉంచకండి, దొంగలు ముందు వెతికేది అక్కడే. పోలీసులు ఆపితే రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, గుర్తింపు కార్డు అడిగినప్పుడు తుపాకీ లైసెన్సు కూడా కలిపి ఇవ్వండి. వెనక సీట్లోంచి ఆరేళ్ళవాడు "మా నాన్న దగ్గర గన్ ఉంది" అని అరిచేలోపు ఆ మాట మీ నోటి నుంచే ప్రశాంతంగా వస్తే అందరికీ మంచిది.

ఇక ఇంట్లో రాత్రి చప్పుడు. చీకట్లో నడిచి వచ్చేది దాదాపు ఎప్పుడూ నీళ్ళకోసం లేచిన మీ బిడ్డో, నిద్రపట్టని మీ నాన్నగారో అయి ఉంటారు. పెట్టె పక్కన టార్చిలైటు ఉండాలి, ముందు అది వెలగాలి. అందరూ ఎక్కడున్నారో లెక్క తేలకుండా పెట్టె తెరవకండి. వీధిలో ఎవరైనా బెదిరిస్తే, పిల్లలు మీ పక్కన ఉన్నప్పుడు మొదటి ఆలోచన వెళ్ళిపోవడం. పర్సు అడిగితే పర్సు ఇచ్చేయండి. ఒక చేతిలో పిల్ల, చుట్టూ జనం, వెనక ఎవరున్నారో తెలియదు. ఆ స్థితిలో కాల్పులు మొదలైతే అన్నిటికంటే దగ్గరగా ఉండేది మీ పిల్లే.

తీసుకెళ్ళకూడని చోట్లు, తీసుకెళ్ళకపోతే మంచి చోట్లు

టెక్సస్‌లో దుకాణాలు, సంస్థలు తుపాకీ వద్దనుకుంటే తలుపు దగ్గర చట్టం చెప్పిన మాటలతో పలక పెడతాయి. 30.06 అన్న సెక్షన్ అంకె బట్టల కింద దాచిన పిస్టల్‌ను, 30.07 కనిపించేలా పెట్టుకున్నదాన్ని ఉద్దేశించినది. అవి లైసెన్సు ఉన్నవారికి. లైసెన్సు లేనివారికి ఇంకా మామూలు పలక చాలు. ఎర్రటి 51 శాతం పలక ఉంటే అది ప్రధానంగా మద్యం అమ్మే చోటు, అక్కడికి తీసుకెళ్ళరాదు. కోర్టులు, ఎన్నికల కేంద్రాలు, విమానాశ్రయపు తనిఖీ దాటిన ప్రాంతం నిషిద్ధమే. ఆసుపత్రి, ఆటల పార్కుల లాంటి చోట్ల గుమ్మం దగ్గర ఆగి పలక చదవండి.

గుడికి వెళ్ళేటప్పుడు పలక ఉన్నా లేకపోయినా నేను పెట్టుకోను. సాష్టాంగపడినప్పుడు నడుము దగ్గర ఇనుము గుచ్చుకుంటుంటే ఆ నమస్కారం ఎవరికి చేస్తున్నట్టో నాకు అర్థం కాదు. ప్రసాదం వరుసలో పిల్లలు అందరి కాళ్ళ మధ్య నుంచి దూరుతుంటారు. పుట్టినరోజు పార్టీలు కూడా ఇంతే. గాలి నింపిన ఆటబొమ్మ ఇల్లు, ఈతకొలను, వచ్చే ప్రతి పిల్లా "అంకుల్, ఎత్తుకో" అనడం. అక్కడ మీ పిస్టల్‌కు పని లేదు.

రాష్ట్రం దాటితే చట్టం మారిపోతుంది. బంధువులున్న న్యూజెర్సీలో, ఇల్లినాయిలో టెక్సస్ లైసెన్సు చెల్లదు. బయల్దేరేముందు దారిలో పడే ప్రతి రాష్ట్రం నియమం చూసుకోవాలి, లేదా ఇంట్లో వదిలేసి వెళ్ళాలి. నేను రెండోదే చేస్తాను.

రేంజికి వాడే బ్యాగును మరి దేనికీ వాడకండి. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,737 తుపాకులు పట్టుబడ్డాయి, వాటిలో అత్యధికం తూటాలతో సహా. బ్యాగులో ఉన్న సంగతే మరిచిపోయామని చెప్పినవారు చాలామంది. ఇండియా ప్రయాణానికి ఇది ఇంకా ముఖ్యం. అడుగున జారిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు పడుతుంది, సెలవులు పోలీస్ స్టేషను చుట్టూ తిరగడంతో అయిపోతాయి.

పిల్లలకు ఏమని చెప్పాలి

దాచితే తెలియదనుకోవడం పెద్దవాళ్ళ భ్రమ. మావాడు నాలుగేళ్ళప్పుడు నన్ను నడుము చుట్టూ వాటేసుకుని, "నాన్నా, ఇక్కడ గట్టిగా అదేమిటి?" అన్నాడు. "అది నాన్న పనిముట్టు, చాలా ప్రమాదం, నువ్వు ముట్టుకోకూడదు, బయట ఎవరికీ చెప్పే విషయం కాదు" అన్నాను. అంతే. అబద్ధం చెబితే వాడు నిజం కనుక్కోవడానికి వెతుకుతాడు. నిజాన్ని గొప్పగా చెబితే బడిలో స్నేహితులకు చెబుతాడు.

అమెరికాలో 1988 నుంచి పిల్లలకు నేర్పుతున్న నాలుగు మాటలు ఉన్నాయి. మా ఇంట్లో వాటిని తెలుగులో చెప్పించాను: ఆగు, ముట్టుకోకు, అక్కడినుంచి వెళ్ళిపో, పెద్దవాళ్ళకు చెప్పు. వాటిని ఆటలా, బొమ్మ పిస్టల్‌ను ఎక్కడో పెట్టి, నెలకోసారి ఆడించండి.

నేర్పండి కానీ నేర్పామని నమ్మకండి. 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లలను ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో వదిలి అద్దం వెనక నుంచి గమనించారు. సొరుగులో నిజమైన పిస్టల్ ఉంది, తూటాలు లేవు. 29 బృందాల్లో 21 దాన్ని కనుక్కున్నాయి. 16 బృందాల్లో చేతిలోకి తీసుకున్నారు. 10 బృందాల్లో ట్రిగ్గర్ నొక్కారు. దాన్ని పట్టుకున్నవారిలో ఎక్కువమంది అంతకుముందు ఏదో ఒక రూపంలో జాగ్రత్తలు నేర్చుకున్నవారే. అందుకే నాలుగు మాటలు పక్కింటి తుపాకీ కోసం, మీ ఇంటి తుపాకీకి మాత్రం తాళం.

పక్కింటి సంగతి వచ్చింది కాబట్టి: మీ పిల్లలు ఆడుకోవడానికి వేరేవాళ్ళ ఇంటికి వెళ్ళేటప్పుడు "మీ ఇంట్లో తుపాకీ ఉంటే తాళంలో ఉందా?" అని అడగండి. వేరుశెనగ పడదని చెప్పినంత మామూలుగా అడగవచ్చు. మన ఇంటికి పిల్లల్ని పంపేవారికి మనమే ముందు చెప్పడం మర్యాద.

అమ్మమ్మ వచ్చినప్పుడు

ఇండియా నుంచి పెద్దవాళ్ళు ఆరు నెలలు ఉండటానికి వస్తారు, వచ్చిన మూడో రోజునుంచి ఇల్లు సర్దుతారు. మా అత్తగారు ఒక ఉదయం పడకగదిలోంచి పిలిచారు. "బాబూ, ఇంత చిన్న పెట్టె, లాగితే రావడం లేదేమిటి? దీని వెనకంతా దుమ్ము." పెట్టె బోల్టులతో బిగించి ఉంది, తాళం వేసి ఉంది, ఆమె చేతిలో తడిగుడ్డ తప్ప ఏమీ లేదు. అదే పాత రోజుల్లా దుప్పట్ల వెనక ఉండి ఉంటే, ఆమె దులిపే మొదటి దుప్పటితో పాటు కిందపడేది. వచ్చిన రోజే వాళ్ళకు చెప్పండి: ఈ పెట్టె ముట్టుకోవద్దు. వాళ్ళు సందర్శకుల వీసా మీద ఉన్నారు, చట్టం కూడా అదే అంటుంది.

రేంజినుంచి రాగానే పిల్లను ఎత్తుకోకండి

తూటా పేలినప్పుడు సీసం పొడి గాలిలోకి వస్తుంది, చేతులకు, చొక్కాకు, బూట్లకు అంటుకుంటుంది. చిన్నపిల్లల మెదడుకు సీసం ఏ కొంచెమైనా చేటే. రేంజిలోనే చల్లటి నీళ్ళతో, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోండి. సీసం తీయడానికి ప్రత్యేకంగా అమ్మే తడి కాగితాలు ఉంటాయి, కారులో ఒక డబ్బా ఉంచండి. బూట్లు గ్యారేజీలోనే విప్పండి, మనకు ఇది కొత్తగా నేర్పనక్కరలేదు. బట్టలు విడిగా ఉతకండి. పిస్టల్ శుభ్రం చేసే పని వంటగది బల్ల మీద చేయకండి.

పెట్టుకోకూడని కాలాలు

అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. ఇంట్లో ఎవరికైనా, మీతో సహా, కుంగుబాటు ఉంటే, కాన్పు తర్వాత భార్య మనసు బాగాలేకపోతే, ఉద్యోగం పోయి రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే, పిస్టల్ ఇంట్లోంచే వెళ్ళిపోవాలి. అర్హత ఉన్న నమ్మకమైన స్నేహితుడి పెట్టెలోకి గానీ, దాచి పెట్టే డీలరు దగ్గరికి గానీ. సిగ్గుపడాల్సిన పని కాదు. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి అమెరికాలో 988 అనే సహాయ ఫోను నంబరు రోజంతా పలుకుతుంది.

మా చిన్నది పుట్టినప్పుడు నేను నాలుగు నెలలు పిస్టల్ పెట్టుకోలేదు. రాత్రికి రెండు గంటల నిద్రతో పాలసీసా మూత పెట్టడమే మరిచిపోయేవాణ్ణి.

చివరిగా తాళం అంకెలు. పిల్లల పుట్టినరోజులు, ఇంటి నంబరు పెట్టకండి. ఆరు నెలలకోసారి మార్చండి, ఎందుకంటే రోజూ నొక్కే బటన్లు మిగతావాటికంటే ముందు మెరుగు పోతాయి. మొన్న సాయంత్రం నేను వచ్చి పెట్టెలో పిస్టల్ పెడుతుండగా మావాడు గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు. తలుపు వేయడం మరిచాను. "నాన్నా, ఆరుసార్లు బీప్ అంది" అన్నాడు. ఆ రాత్రే అంకెలు మార్చి, సూచనల పుస్తకం వెతికి, బీప్ శబ్దం ఆపేసే వీలు ఎక్కడుందో చూసి అదీ ఆపేశాను.